గోలు వలలో ఎర్ర ముడి

నగర్తపేట, బెంగళూరు
8 జూలై 1979, ఆదివారం

మామకు మునిరాజు నమస్కారాలు.

నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉందో రాయి. ఈ ఉత్తరం వెనకాలే ఒక గోనె మూట వస్తుంది. ఆనేకల్ బస్సు కండక్టరు వెంకటేశప్ప చేతికి ఇచ్చాను. తన కాళ్ల దగ్గర పెట్టుకుని తెస్తానన్నాడు. విప్పి చూసి కంగారు పడొద్దు. అది మా కాలేజీ ఫుట్‌బాల్ గోలు వల. సగం ఎలుకలు కొట్టాయి, సగం వానకు చివికిపోయింది. కొత్తది కొనమంటే ప్రిన్సిపాలు గారు, సాయంకాలపు కాలేజీకి ఆటలెందుకన్నారు.

ఊళ్లో ఎనిమిది కాలేజీలు ఏటా ఈ పోటీ ఆడతాయి. మిగతా ఏడు కాలేజీలవాళ్లూ పగలు చదివి సాయంత్రం ఆడతారు. మేం పగలంతా పనిచేసి, సాయంత్రం చదివి, తెల్లవారుజామున ఆడతాం. నేను జరీ లేసు దుకాణంలో, మా గోల్‌కీపరు అచ్చాఫీసులో. అందుకే కంటోన్మెంటువాళ్లు, అదే దండు కాలేజీవాళ్లు, మేం మైదానంలోకి దిగగానే "షట్టరు దించండ్రా, బేరం అయిపోయినాది" అని అరుస్తారు. పోయిన ఏడు ఫైనల్లో మమ్మల్ని ఓడించింది కూడా వాళ్లే.

అసలు సంగతి ఇదీ మామా. మొన్న ఒక ఫ్యాక్టరీ నుంచి పెద్దమనిషి వచ్చి మా ఆట చూశాడు. ఈ ఏడు కప్పు గెలిచిన జట్టులోంచి ఇద్దరిని ఫ్యాక్టరీ జట్టులోకి తీసుకుంటారట. ఆటతో పాటు పర్మనెంటు ఉద్యోగం. మా జట్టులో గోలు కొట్టేది నేనే కాబట్టి, కప్పు వస్తే ఆ ఇద్దరిలో ఒకడు నేనేనని మా ఆటల మాస్టరు జయరామప్ప అంటున్నారు. నాలుగేళ్లుగా లేసు కొలుస్తున్న చెయ్యి ఇది. నాన్న పోయినప్పటినుంచి నువ్వే మా ఇద్దరినీ చూసుకుంటున్నావు. ఇక నేను చూసుకోవాలి.

ఫైనలుకు చేరిన ప్రతి జట్టూ ఒక వల తేవాలని పోటీ నిబంధన. నీ చేతిలో పడితే ఈ వల మళ్లీ వల అవుతుంది. బతిమాలుకుంటున్నాను.

నీ మేనల్లుడు
మునిరాజు


ఆనేకల్
22 జూలై 1979

చిరంజీవి మునిరాజును మేనమామ చిన్నప్ప ఆశీర్వదించి రాయునది.

నీ మూట అందింది. విప్పగానే మీ అత్త ముక్కు మూసుకుంది. పక్కింటి నాగప్ప తొంగిచూసి "ఏమప్పా చిన్నప్పా, మగ్గం విడిచిపెట్టి చేపల పనికి దిగినావా?" అన్నాడు. నేను పట్టుచీరలు నేసేవాడిని, వలలు అల్లేవాడిని కాను. ఇంకెవరైనా పంపి ఉంటే వెంకటేశప్ప నెత్తిన పెట్టి అదే బస్సులో వెనక్కి తోలేవాణ్ణి.

లెక్కపెట్టాను. నూట నలభై మూడు కన్నాలు. ఇది వలా, జల్లెడా? మీ కాలేజీవాళ్లు దీంతో ఇన్నాళ్లూ ఏం ఆపారో దేవుడికెరుక. మగ్గం మీది చీరను పక్కన పెట్టి తొమ్మిది రోజులు దీనిమీదే కూర్చున్నాను. నేత ముడి వేశాను. ఏనుగును కట్టినా జారదు. నా ముడి జారిందని ముప్పై ఏళ్లలో ఎవడూ అనలేదు.

ఇంకో మాట. ఉగాదికి నేసిచ్చిన తువ్వాలు అంచులో ఎర్రపోగు లాగేశావట. మీ అమ్మ చెప్పింది. అది తప్పు జరిగి మిగిలిన పోగనుకున్నావా? మన ఇంట్లో ఏ పనినీ నిండుగా ముగించం. ఎక్కడో ఒకచోట ఒక ఎర్రపోగు వదులుగా విడిచిపెడతాం. నిండైన పనికి దిష్టి తగులుతుంది. మా నాయన నేర్పింది, ఆయనకు వాళ్ల నాయన నేర్పింది. ఫుట్‌బాల్ ఆడేవాడికి ఇవి వెర్రిగా ఉంటాయేమో. ఉండనీ. ఇంకెప్పుడూ లాగకు.

మీ అమ్మ మోకాలు అట్లాగే ఉంది. నీ ఉద్యోగం మాట విన్నప్పటినుంచి మాత్రం కుంటుతూనే ఇంటింటికీ తిరిగి చెబుతోంది. ఇంకా రాలేదు కదే అంటే వినదు.

మీ మామ
చిన్నప్ప


నగర్తపేట
19 ఆగస్టు 1979

మామకు నమస్కారాలు.

వల అందింది. జయరామప్ప మాస్టరు దాన్ని మైదానంలో పరిచి, చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది గోలుకి కట్టేదా, పెండ్లికూతురికి కట్టేదా?" అన్నారు. ఫైనలు దాకా తీయొద్దని పెట్టెలో పెట్టారు.

ఈ ఏటి పోటీ సంగతులు చెబుతాను, అమ్మకు చదివి వినిపించు. లా కాలేజీతో ఆట తొంభై నిమిషాలైతే, వాదన నూట ఇరవై నిమిషాలు. బంతి గీత దాటితే చాలు, వాళ్ల కెప్టెను నిబంధనల పుస్తకం తెరుస్తాడు. మేం రెండో గోలు కొట్టినప్పుడు వాళ్లు మొదటి గోలు గురించే మాట్లాడుతున్నారు. వైద్య కాలేజీవాళ్లు స్ట్రెచరు కూడా తెచ్చుకున్నారు. పది నిమిషాలకొకడు దానిమీద పడుకుని బయటికి పోయి, నీళ్లు తాగి నడుచుకుంటూ వస్తాడు. వ్యవసాయ కాలేజీ మైదానంలో గడ్డి మోకాలి దాకా ఉంది. బంతి దొరక్క ఇరవైరెండు మందిమీ కలిసి వెతికాం. గెలుస్తున్నంతకాలం గడ్డం గీయనని మాస్టరు మొక్కుకున్నారు. ఆరు ఆటలు గెలిచాం. ఇప్పుడాయన్ని చూసి కాలేజీ వాచ్‌మను గేటు దగ్గరే ఆపేస్తున్నాడు.

నవ్వులు ఇంతవరకే. దండు కాలేజీ కూడా ఆరూ గెలిచింది. ఫైనలు సెప్టెంబరు రెండున మాకూ వాళ్లకూ. వాళ్ల గోల్‌కీపరు జోసెఫ్ ఈ ఏడు ఒక్క గోలూ వదల్లేదు. వాళ్ల అమ్మ సుశీలమ్మ గారు ఆస్పత్రిలో నర్సు, మన తెలుగువాళ్లే. ఉద్యోగం వాడికీ కావాలి. మొన్న మార్కెట్టులో ఎదురుపడి "మునిరాజూ, ఈసారి కూడా నీకు బేజారే అప్పా" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రోజూ దుకాణంలో లేసు కొలుస్తూనే వాడి మొహం కనబడుతోంది. ఒక గజం తక్కువ కొలిచి యజమాని చేత తిట్లు తిన్నాను.

మునిరాజు


నగర్తపేట
3 సెప్టెంబరు 1979

మామా, గెలిచాం!

ఒకటి, సున్నా. ఆ ఒక్కటీ నేనే కొట్టాను. అమ్మకు ఇప్పుడే చెప్పు, ఉత్తరం తరవాత చదువుకో.

ఒకటే వాన. రెండో సగంలో జోసెఫ్ నిలబడిన గోలుకు కట్టింది నీ వలే. ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా కుడిపక్క మూల దగ్గర నాకు బంతి దొరికింది. పక్కనుంచే బలంగా కొట్టి, కాలు జారి బురదలో బోర్లా పడ్డాను. బంతి ఎట్లా పోయిందో చూడలేదు. లేచేసరికి వలలో ఉంది, రిఫరీ ఈల వేశాడు. తగిలినప్పుడు కాలికి మాత్రం కొంచెం పక్కకు పోయినట్టే అనిపించింది. అయినా లోపలున్న బంతి లోపలున్నట్టే కదా.

మాస్టరు ఏడ్చేశారు. ఆ గడ్డంలోంచి కన్నీళ్లు కిందికి రావడానికి చాలా సేపు పట్టింది. ఫ్యాక్టరీ పెద్దమనిషి నా పేరు రాసుకున్నాడు.

మునిరాజు


ఆనేకల్
6 సెప్టెంబరు 1979

చిరంజీవి మునిరాజుకు ఆశీస్సులు.

ఉత్తరం చదివి మీ అమ్మ మోకాలి నొప్పి మరిచి దేవుడి పటం ముందు ఒక్క ఊపున లేచి నిలబడింది. తరవాత కూర్చోలేక నన్ను కేకేసింది, అది వేరే సంగతి. నాగప్ప ఇంటికి నేనే వెళ్లి చెప్పాను. "చేపల వల అన్నావే, ఆ వలలో ఇప్పుడు ఉద్యోగం పడినాది" అన్నాను. కండువా దులుపుకుని లోపలికి పోయాడు.

బంతిని పట్టింది నా వల అన్నావు చూడు, ఆ మాటకు నా గుండె నిండింది. చీరలు కట్టుకున్నవాళ్లు ఎవరూ నేసినవాడిని తలుచుకోరు. నువ్వు తలిచావు. చాలు.

చిన్నప్ప


నగర్తపేట
6 సెప్టెంబరు 1979

మామా,

గెలిచామన్న నా ఉత్తరం అంది సంబరపడుతూ ఉంటావు. ఈ ఉత్తరం అట్లాంటిది కాదు.

దండువాళ్లు ఫిర్యాదు పెట్టారు. బంతి గోలు స్తంభానికి బయటినుంచి వచ్చి, స్తంభం వెనక పక్కగా ఉండే పక్కవలలోంచి దూరి లోపలికి పోయిందని జోసెఫ్ రాసిచ్చాడు. ఆట అయ్యాక చూస్తే కుడిపక్క కింద వలలో కన్నం ఉంది. వల దించేటప్పుడు లాగిన లాగుడుకు చిరిగిందని మా మాస్టరు వాదన. ముందునుంచే ఉందని వాళ్ల వాదన. పదహారో తేదీ ఆదివారం పోటీ కమిటీ కూర్చుంటుంది. అందాకా కప్పు బీరువాలో, వల మైదానం గదిలో తాళం కింద. ఫ్యాక్టరీవాళ్లు తీర్పు వచ్చాకే పిలుస్తామన్నారు.

"వల బాగుచేసిన ఆయన దగ్గర ఒక కాగితం రాయించుకొని రాప్పా. ముడులన్నీ గట్టిగా వేసినానని ఒక్క మాట చాలు. కన్నం తరవాతనే పడినాదని తేలిపోతాది" అన్నారు మాస్టరు.

నీ పనిలో లోపముందని అంటున్నారు మామా. ఆదివారం లోపల ఆ కాగితం పంపు.

మునిరాజు


ఆనేకల్
9 సెప్టెంబరు 1979

మునిరాజుకు,

లోపమా? నా పనిలోనా? ఎవడా జోసెఫ్, మగ్గం ముందు ఒక్క పూట కూర్చున్నాడా వాడు? నా ముడికి వంక పెట్టడానికి ఆ కమిటీలో నేత తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఆ మాట వాళ్లన్నారు సరే, నువ్వెట్లా రాశావురా నాకు? వాళ్ల మొహాన నువ్వే చెప్పలేకపోయావా?

అడిగిన కాగితం దీనితోనే పెడుతున్నాను. "నూట నలభై మూడు కన్నాలకు నేనే ముడులు వేశాను. ప్రతి ముడీ గట్టిగా బిగించాను. ఒక్కటీ వదులుగా లేదు" అని రాసి సంతకం పెట్టాను. తీసుకుపోయి వాళ్ల బల్లమీద కొట్టు.

చిన్నప్ప


ఆనేకల్
14 సెప్టెంబరు 1979

నాయనా మునిరాజూ,

ఐదు రోజులనుంచి మగ్గం మీద కూర్చుంటున్నాను, పని సాగడం లేదు. పోగు వెంట పోగు తెగుతోంది. "నీకేమైనాదన్నా?" అని మీ అమ్మ అడిగితే కసురుకున్నాను.

నేను రాసిన కాగితం అబద్ధం. నూట నలభై రెండు ముడులే గట్టివి. ఒకపక్క కింద, ఎవరికీ కనబడని చోట, ఒక ముడి ఎర్ర నూలుతో వదులుగా వేశాను. దిష్టిముడి. అంత పెద్ద పని నిండుగా ముగిస్తే నీకే దిష్టి తగులుతుందని భయపడ్డాను. చూడడానికి మిగతా ముడుల్లాగే ఉంటుంది. కానీ బంతి బలంగా తగిలితే జారుతుంది, కన్నం పడుతుంది. వల మీ గోలు వెనకే ఉంటుందని, అది మిమ్మల్ని కాపాడేదని అనుకున్నాను. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయని నాకేం తెలుసు?

ఆ వేళ కోపంలో మరిచిపోయి అట్లా రాశానని చెబుదామనుకున్నాను. అదీ అబద్ధమే అవుతుంది. కలం పట్టుకున్నప్పుడే ఆ ఎర్ర నూలు నా కళ్లముందు ఉంది. నీ ఉద్యోగం కూడా ఉంది. ఉద్యోగమే పెద్దదిగా కనబడింది.

ఆ జోసెఫ్ చెప్పింది నిజం కావచ్చు. వాడికీ ఒక తల్లి ఉందని నువ్వే రాశావు. ఈ ఉత్తరం వెంకటేశప్పకు ఇచ్చి, రేపే నీ చేతికి అందించమని చెబుతాను. కమిటీకి ఆ కాగితం కాదు, ఇది ఇవ్వు. నీకు అన్యాయం చేసింది దండువాళ్లు కాదు నాయనా, నేనే.

మీ మామ
చిన్నప్ప


నగర్తపేట
17 సెప్టెంబరు 1979, సోమవారం

మామకు నమస్కారాలు.

నువ్వు పద్నాలుగున రాసిన ఉత్తరం ఈ పొద్దున అందింది. శనివారం చందాపుర దగ్గర బస్సు చెడిపోయి, వెంకటేశప్ప రెండు రోజులు అక్కడే చిక్కుకున్నాడట. దుకాణానికి వచ్చి ఉత్తరం ఇస్తూ తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. కమిటీ నిన్ననే అయిపోయింది.

నిన్న నా చొక్కా జేబులో ఉన్నది నీ మొదటి కాగితం ఒక్కటే. గదిలో కమిటీవాళ్లు ఐదుగురు. ఒకపక్క నేను, మాస్టరు. ఇంకోపక్క జోసెఫ్, వాళ్ల కెప్టెను. వల తెచ్చి బల్లమీద పరిచారు. కన్నం దగ్గర నూలు తెగలేదు. ఒక ఎర్రపోగు వేలాడుతోంది.

"ఇదేమి, ఈ ఎర్రది?" అని ఒకాయన అడిగాడు.

"ఏదో గుర్తుకి పెట్టింటారు సార్. వేరే ఏమీ లేదు" అన్నారు మాస్టరు. ఆయనకు నిజంగా తెలియదు. ఆ గదిలో ఎవరికీ తెలియదు. జోసెఫ్ కూడా ఒకసారి చూసి వదిలేశాడు. దాని అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తువ్వాలు పోగు లాగేసిన వేళ్లు ఇవే కదా.

"కాగితం తీసి ఇయ్యప్పా" అని మాస్టరు నన్ను పొడిచారు. జేబులో చెయ్యి పెట్టాను. తీయలేకపోయాను మామా. అది ఇస్తే కప్పు మాది. ఎవరూ పట్టుకోలేరు. కానీ నీ సంతకం కింద ఆ అబద్ధం కమిటీ బీరువాలో ఎప్పటికీ ఉంటుంది. నా ముడి జారిందని ఎవడూ అనలేదన్నవాడివి నువ్వు. నీకోసం అబద్ధం ఆడమన్నా ఆడేవాడిని. నాకోసం నువ్వు ఆడితే మోయలేకపోయాను.

"సార్, అది మా మామ వేసిన దిష్టిముడి. కావాలనే వదులుగా వేస్తారు. బంతి తగిలి జారి ఉంటాది. నా కాలికి కూడా బంతి పక్కకు పోయినట్టే ఉండింది" అన్నాను.

మాస్టరు కుర్చీలోంచి లేచారు. "నీకేమన్నా బుద్ధి ఉండాదా?" అని బయటికి పోయి, ఎదురుగా ఉన్న మంగలి దుకాణంలో కూర్చుని గడ్డం గీయించుకున్నారు. తిరిగొచ్చినప్పుడు కమిటీవాళ్లు ఈయనెవరని అడిగారు. జోసెఫ్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.  

ఆ గోలు చెల్లదని కమిటీవాళ్లు కొట్టేశారు. ఇరవైమూడో తేదీ ఆదివారం మళ్లీ ఆట. వల బాగుచేసి తెమ్మన్నారు. ఈ మధ్యాహ్నం బస్సుకే పంపుతున్నాను. ఒక్కటే కోరిక, ఈసారి దిష్టిముడి వద్దు. నీ కాగితం కూడా ఇందులోనే పెట్టాను. దాన్ని ఎవరూ చూడలేదు. పొయ్యిలో వెయ్యి.

మీ
మునిరాజు


ఆనేకల్
25 సెప్టెంబరు 1979

చిరంజీవి మునిరాజుకు ఆశీస్సులు.

కాగితం పొయ్యిలో వేశాను. మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మజ్జిగ తెచ్చి ముందు పెట్టి "వాడు నీ పోలికే" అంది. తిట్టిందో మెచ్చుకుందో అడగలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఆదివారం వెంకటేశప్ప బస్సులో బెంగళూరు వచ్చాను. నన్ను చూస్తే నీ కాలు తడబడుతుందని వెనకాల, నా వల కట్టిన గోలు దగ్గర నిలబడ్డాను. ఫుట్‌బాల్ చూడడం అదే మొదలు. సగం ఆట ఎవరు ఎవరినెందుకు తోస్తున్నారో తెలియలేదు. దండువాళ్లు గోలు కొట్టినప్పుడు మాత్రం తెలిసింది.

చివర్లో నువ్వు కుడిపక్కనుంచి కొట్టావు. మళ్లీ అదే చోటు. ఆ బంతి నా మొహంమీదికే వస్తున్నట్టు వచ్చింది. స్తంభానికి బయట, పక్కవలకు, సరిగ్గా నేను మళ్లీ వేసిన ముడికి తగిలింది.  పాడు మనసు, ఒక్క క్షణం జారిపోతే బాగుండునని కూడా అనుకుంది. నీకు దాచను.

ముడి జారలేదు. బంతి వెనక్కి వచ్చి గడ్డిలో పడింది. మైదానమంతా అయ్యో అంది. నాకు తెలియకుండానే నేను చప్పట్లు కొట్టాను. మీ కాలేజీవాడొకడు నా చొక్కా పట్టుకున్నాడు.

"ఏమయ్యా, దండువానివా నువ్వు?"

"కాదప్పా. వల నాది" అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను. వాడు భయపడి వదిలేశాడు.

నీకు కనబడకుండా బస్సెక్కాను. కప్పు పోయింది. ఫ్యాక్టరీవాళ్లు జోసెఫ్‌నూ ఇంకొకడినీ తీసుకున్నారని వెంకటేశప్ప చెప్పాడు. నువ్వు సోమవారం పొద్దున్నే దుకాణం తెరిచి లేసు కొలుస్తున్నావని కూడా చెప్పాడు. ఆ మాటకు అన్నం సహించలేదు. ముప్పై ఏళ్లలో నిండుగా ముగించిన పని ఇదొక్కటే, దిష్టి తగలనే తగిలింది. అయినా ఆ ముడిని ఇంకోలా వేసేవాడిని కాను, నువ్వు ఆ గదిలో ఇంకోలా మాట్లాడేవాడివీ కావు. అది తలుచుకుంటే దిగులు సగం తగ్గుతుంది. మిగతా సగం నువ్వు వస్తే తగ్గుతుంది.

దుకాణం సెలవు రోజున రా. నీకు కొత్త తువ్వాలు మగ్గం మీద ఉంది. ఎర్రపోగు వేశాను. అది గుడ్డలోనే ఉంటుంది, వలలో ఇంకెప్పుడూ వేయను. వచ్చే ఏడు వల మూట కట్టి ఈ ఏటిలాగే పంపు.

మీ మామ
చిన్నప్ప